కొబ్బరి తోటల మధ్య ఇంటికి నెట్ ఎలా పెట్టించుకోవాలి: డేటా బాగా వాడే కుటుంబానికి సమగ్ర మార్గదర్శి

"కోనసీమలో ఏ కంపెనీ నెట్ మంచిదండీ?" అని వారానికి ఒకరైనా నన్ను అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. మా వీధిలో బ్రహ్మాండంగా నడిచే కనెక్షనే, కాలువ అవతల మా మేనత్త గారింట్లో సాయంత్రం ఏడయ్యేసరికి చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. కంపెనీ అదే, ప్లాన్ అదే, కట్టే డబ్బులూ అవే. డెల్టాలో పుట్టినవాళ్లకి ఇదేం కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు అందరికీ కలిపే వదులుతారు, కాలువ మొదట్లో ఉన్నవాడి చేను తడుస్తుంది, శివారు చేనువాడు గట్టు మీద గొడుగేసుకుని ఎదురుచూస్తాడు. నెట్ కూడా అంతే. కాబట్టి కంపెనీ పేరు తర్వాత చూసుకోవచ్చు. ముందు తెలుసుకోవాల్సింది ఆ లైన్ మీద మన ఇల్లు మొదట్లో ఉందా శివార్లో ఉందా, తెగిన రోజున కట్టే మనిషి ఎంత దూరంలో ఉంటాడు అన్నది.

మా ఇంట్లో ఏడుగురం. కింద ఒక టీవీ, మేడ మీద ఒక టీవీ, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే తమ్ముడు, ఫోన్ వదలని పిల్లలు, మస్కట్‌లో ఉన్న బావతో రోజూ వీడియో కాల్ మాట్లాడే అక్క, వీటన్నిటికీ తోడు రొయ్యల చెరువు దగ్గర కెమెరాలు. ఆరేళ్లలో మూడు కనెక్షన్లు మార్చాం. మూడుసార్లూ ఏదో ఒక తప్పు చేసి డబ్బులు తగలేశాం కాబట్టి, ఆ తప్పులు మీరు చేయకుండా వరసగా చెప్తాను.

ముందు లెక్క వేయండి

కాగితం తీసుకుని కూర్చోండి, పది నిమిషాల పని. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకి 3 జీబీ దాకా పోతుంది, 4కే టీవీలో అదే గంటకి 7 జీబీ దాకా వెళ్తుంది. రెండు టీవీలు రోజుకి నాలుగేసి గంటలు హెచ్‌డీలో ఆడితే 24 జీబీ, అంటే నెలకి 720. నాలుగు ఫోన్లు తలా రోజుకి రెండు జీబీ చొప్పున రీల్స్ చూస్తే ఇంకో 240. తమ్ముడి మీటింగులు గంటకి సుమారు ఒక జీబీ అనుకుని, రోజుకి నాలుగు గంటలు, నెలకి పాతిక రోజులు వేస్తే 100. మొత్తం 1,060 జీబీ. అంటే అక్కడికే వెయ్యి దాటిపోయింది, ఇంకా చుట్టాలు రాలేదు, ఐపీఎల్ మొదలవలేదు.

అందరూ మర్చిపోయేది కెమెరాలు. 2 ఎంబీపీఎస్‌తో (సెకనుకి ఎన్ని మెగాబిట్లు పోతాయో చెప్పే స్పీడు కొలత ఇది) నడిచే ఒక్క కెమెరా రాత్రింబగళ్లు క్లౌడ్‌కి వీడియో ఎక్కిస్తూ ఉంటే గంటకి 900 ఎంబీ, రోజుకి 21.6 జీబీ, నెలకి 648 జీబీ తింటుంది. చెరువు దగ్గర అలాంటివి మూడు పెడితే కెమెరాలకే దాదాపు రెండు టీబీ, అంటే రెండు వేల జీబీ. అదే కెమెరాలో మెమరీ కార్డు వేసి రికార్డింగ్ అక్కడే జరిగేలా పెట్టుకుంటే, మీరు ఫోన్లో తెరిచి చూసిన కాసేపే డేటా పోతుంది. మేత దొంగతనాలు పట్టుకోవడానికి ఇది సరిపోతుంది. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక నేను మూడు నెలల పాటు ఇరవయ్యో తేదీకల్లా డేటా అయిపోయి, తప్పు కంపెనీదని తిట్టుకున్నాను.

ఇప్పుడు ఈ లెక్క ఎందుకంటే, "అన్‌లిమిటెడ్" అని రాసిన ప్రతి ప్లాన్‌కీ ఎక్కడో చిన్న అక్షరాల్లో ఒక హద్దు ఉంటుంది, దాన్నే ఎఫ్‌యూపీ అంటారు. జియో ఫైబర్ మామూలు ప్లాన్లలో నెలకి 3,300 జీబీ. అదే జియో వాళ్ల ఎయిర్‌ఫైబర్‌లో 1,000 జీబీ. పేర్లు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ మాలాంటి ఇంటికి రెండోది నెలాఖరు దాకా రాదు. హద్దు దాటాక స్పీడు ఎంతకి పడిపోతుందో కూడా అడగండి. హెచ్‌డీ వీడియో ఒక్కటి ఆగకుండా ఆడాలంటేనే 5 ఎంబీపీఎస్ ఉండాలి, రెండుకి పడిపోతే ఇల్లంతా కలిపి వాట్సాప్ చూసుకోవడమే.

స్పీడు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురికి 30 ఎంబీపీఎస్ చాలు, ఆరేడుగురికి 100 తీసుకోండి, అంతకుమించి 300, 500 అని ఊరించినా పల్లెటూళ్లో మనకి దాని అవసరం రాదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లూ కెమెరాలూ ఉంటే మాత్రం డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ ఎంతో అడగాలి.

వీధిలో ఏముందో కళ్లతో చూడండి

ఇది చాలామంది చేయని పని. సాయంత్రం పూట మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా నడవండి, తల పైకెత్తి. కరెంటు స్తంభాల మీద సన్నటి నల్ల వైర్లు, మధ్యమధ్యలో చుట్టి వేలాడే చుట్టలు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తాయి. ఆ డబ్బాల్లోనే స్ప్లిట్టర్లు ఉంటాయి, ఒక ఫైబర్‌లో, అంటే నెట్‌ని వెలుతురు రూపంలో మోసుకొచ్చే సన్నటి గాజు తీగలో, వచ్చే వెలుతురుని నాలుగుకో ఎనిమిదికో చీల్చేవి. మన పంట కాలువ మీద తూములు ఎలాగో ఇవీ అలాగే. ఎనిమిదికి చీలిస్తే వెలుతురు దాదాపు 10 డీబీ, అంటే పదో వంతుకి, పడిపోతుంది. దాని కింద ఇంకోటి, దాని కింద మరోటి వేసుకుంటూ పోతే చివరి ఇంటికి మిణుకు మిణుకుమంటూ వస్తుంది. మీ ఇంటికి దగ్గర్లో డబ్బా ఉంటే మంచి సూచన. అర కిలోమీటరు అవతల నుంచి కొబ్బరి చెట్ల మీదుగా లాగాలంటే, ముందే ఆలోచించుకోండి.

తర్వాత ఆ లైన్ వాడుతున్న ఇంటికి వెళ్లండి. మధ్యాహ్నం వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లండి. కాసేపు వాళ్ల టీవీ ముందు కూర్చుంటే మీకే అర్థమవుతుంది. "ఫర్వాలేదండి" అన్నారంటే బాగోలేదని, "ఆయ్, మీరూ పెట్టించేసుకోండి" అన్నారంటే బాగుందని. వీలైతే వాళ్ల ఫోన్లో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) వాళ్ల మైస్పీడ్ యాప్‌తో రెండుసార్లు కొలవండి. వాళ్లని అడగాల్సిన అసలు ప్రశ్న మాత్రం స్పీడు గురించి కాదు: "మొన్న ఎప్పుడు తెగింది, ఎన్ని రోజులకి కట్టారు?"

ఇంట్లో కూర్చుని చేసే పనులు రెండున్నాయి. సంచార్ సాథీ పోర్టల్‌లో పిన్‌కోడ్ కొడితే ఆ ప్రాంతంలో వైరు ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల పేర్లు వస్తాయి. తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మొబైల్ టవర్లు ఎక్కడున్నాయో మ్యాపులో కనిపిస్తాయి. జాబితాలో పేరుంది కదా అని మీ వీధికి వచ్చేస్తారనుకోకండి, పిన్‌కోడ్ పెద్దది, వీధి చిన్నది.

ఏది ఎవరికి

ఫైబర్ దొరికితే ఫైబరే. ఇందులో నాకు రెండో మాట లేదు. మన వైపు అది మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్. కరెంటు స్తంభాల మీదుగానే రాష్ట్రమంతా లైన్లు వేసి ఊరి కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇస్తారు. రెండు, బీఎస్ఎన్ఎల్ భారత్ ఫైబర్. పేరు బీఎస్ఎన్ఎల్‌దే అయినా చాలా ఊళ్లలో లైన్ వేసేది, బాగుచేసేది స్థానిక భాగస్వామి. మూడు, జియో, ఎయిర్‌టెల్ లాంటి ప్రైవేటు వాళ్లు, ఇవి పట్టణాల్లోనూ మెయిన్ రోడ్డు ఊళ్లలోనూ బాగా కనిపిస్తాయి, లోపలికి వెళ్లేకొద్దీ పలచబడతాయి. మొదటి రెండింటిలో మంచైనా చెడైనా చాలావరకు ఆ ఊరి ఆపరేటర్‌దే, ఆ మనిషి చురుకైనవాడైతే మీ అదృష్టం.

ఎయిర్‌ఫైబర్ అంటే ఫైబర్ కాదు, ముందు అది బుర్రకెక్కించుకోండి. టవర్ నుంచి 5జీ సిగ్నల్‌ని డాబా మీద పెట్టిన డబ్బా పట్టుకుంటుంది, అక్కడి నుంచి వైరు కిందకి వస్తుంది. జియో, ఎయిర్‌టెల్ రెండూ 2023లో మొదలుపెట్టాయి. దీనికి శత్రువు కొబ్బరి చెట్టు. తోట మధ్యలో పెంకుటిల్లు అయితే చుట్టూ ఆకులే, వాన పడి మట్టలు తడిశాయంటే సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. కానీ ఒక చిత్రం ఉంది. గోదారి గట్టు మీద, లంకల్లో ఉన్నవాళ్లకి ఇదే బాగా కుదురుతుంది, ఎందుకంటే నదికి అడ్డం ఏమీ ఉండదు, అవతలి ఒడ్డు టవర్ నేరుగా కనిపిస్తుంది. పడవ దాటి ఫైబర్ ఎవరూ తీసుకురాని లంకలో డాబా ఇల్లుంటే మొదట దీన్నే ప్రయత్నించండి. పెట్టించే ముందు డాబా ఎక్కి అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోన్‌తో స్పీడు చూసుకోండి, అక్కడ రానిది డబ్బా పెట్టినంత మాత్రాన ఊడిపడదు.

సిమ్ రౌటర్ చివరి దారి. రోజుకి 2 జీబీ అయ్యాక 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్లాన్లతో ఏడుగురు బతకలేరు. ఫోన్లకిచ్చే అన్‌లిమిటెడ్ 5జీ చూసి ఆశపడతారు గానీ అది ఫోన్ కోసం ఉద్దేశించింది, ఇంటి మొత్తానికి పంచడానికి కాదు. అయినా తప్పకపోతే ముందు సిగ్నల్ కొలవండి. ఆండ్రాయిడ్ ఫోన్లో *#*#4636#*#* కొడితే చాలా ఫోన్లలో ఒక పేజీ తెరుచుకుంటుంది, అందులో ఆర్ఎస్ఆర్‌పీ అని సిగ్నల్ బలాన్ని చెప్పే మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 80 లాగా, మైనస్ 90 కంటే సున్నాకి దగ్గరగా ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాకా పోతే దండగ. ఇంట్లో బాగోలేక డాబా మీద బాగుంటే, బయట యాంటెనా పెట్టుకునే వీలున్న 4జీ రౌటర్ కొనొచ్చు.

మొబైల్ మీదే ఆధారపడొద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం సంక్రాంతి. భోగి నుంచి కనుమ దాకా హైదరాబాద్, బెంగళూరు, అమెరికా అంతా మన ఊళ్లోనే ఉంటుంది, బరుల దగ్గర వేలమంది ఒకేసారి వీడియోలు పెడుతుంటారు, టవర్ మాత్రం అదే టవర్. ఆ మూడు రోజులూ ఫోన్ కాల్ కలవడమే గొప్ప. 2022 మే నెలాఖరులో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని పక్క జిల్లాలకి వెళ్లిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది.

ఉపగ్రహ ఇంటర్నెట్ గురించి అడుగుతున్నారు. స్టార్‌లింక్‌కి మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. దానికీ ఆకాశం తెరిపిగా కావాలి, తోటలో కుదరదు. ఫైబర్ వీధి చివరికి వచ్చిన ఊళ్లో దాని కోసం ఎదురుచూడటం దేనికి?

డబ్బులిచ్చే ముందు ఆపరేటర్ని అడగాల్సినవి

మొహమాటం వద్దు, అబ్బాయి మన ఊరివాడే అయినా సరే, ఆ మాటకొస్తే మన ఊరివాడైతే ఇంకా గట్టిగా అడగాలి. ఇంటి దాకా ఫైబరేనా, లేక స్తంభం మీద స్విచ్ పెట్టి అక్కడి నుంచి లాన్ వైరు (కంప్యూటర్లకి పెట్టే రాగి నెట్ వైరు) లాగుతారా? ఈ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. లాన్ వైరులో ఉన్నది రాగి, పిడుగు పడితే ఆ దారినే ఇంట్లోకొచ్చి రౌటర్ని కాల్చేస్తుంది, పైగా ఆ స్తంభం దగ్గర కరెంటు పోతే మన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. మా రెండో కనెక్షన్ అలాంటిదే, ఒక్క వేసవిలో ఈదురుగాలులకి రెండు రౌటర్లు పోయాయి. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు, గాజులోంచి కరెంటు పారదు. అయితే స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ వైరుకి దన్నుగా ఇనుప తీగ ఉంటుంది, దాన్ని గోడ బయటే కత్తిరించి లోపలికి ఫైబర్ ఒక్కటే తెమ్మనండి.

మీ ఆఫీసులో బ్యాటరీగానీ జనరేటర్‌గానీ ఉందా, ఎన్ని గంటలు వస్తుంది? ఫైబర్ వెలుతురుని నెట్‌గా మార్చే పెట్టె, అంటే ఓఎన్‌యూ, ఎవరిది, అద్దెకా సొంతమా, మానేస్తే డిపాజిట్ తిరిగిస్తారా? సొంతంగా కొనుక్కుందామంటే వాళ్లది జీపానా ఈపానా (ఫైబర్ లైన్ నడిపే రెండు రకాల పద్ధతులు) తెలుసుకోకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి, రెండూ ఒకటి కావు. వంద ఎంబీపీఎస్ పైన ప్లాన్ తీసుకుంటే పెట్టెకి గిగాబిట్ పోర్టు ఉందో లేదో చూడండి, చవక పెట్టెల్లో వందకి మించి రాదు. చెప్పిన ధరకి జీఎస్టీ 18 శాతం కలుస్తుందా? 599 అన్నది చేతికి 707 అవుతుంది. ఇంకొకటి, ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అంటారు. కట్టకండి. మొదటి మూడు నెలలూ నెలనెలా కట్టి, ఒక వానాకాలం చూశాక ఆలోచించండి.

లైన్ లాగే రోజు ఇంట్లో ఉండండి

ఆ రోజు పనులు పక్కన పెట్టి, పక్కనే నిలబడండి. టీ ఇవ్వండి, మజ్జిగ ఇవ్వండి, కానీ చూస్తూ ఉండండి. వైరు కొబ్బరి చెట్టుకి కట్టనివ్వద్దు. చెట్టు గాలికి ఊగుతుంది, వైరు ఊగదు, ఎక్కడో ఒకచోట విరుగుతుంది. మన దగ్గర ఫైబర్ తెగడానికి పెద్ద కారణాలు ఎండుమట్ట పడటం, దింపు (కొబ్బరికాయలు కోసే) రోజున గెల వైరు మీద పడటం, గడ్డి ట్రాక్టరో మేత లారీయో తగిలించుకుని పోవడం, ఉడత కొరకడం. అందుకని తోటలోంచి దగ్గరి దారి ఉన్నా, రోడ్డు వెంట స్తంభాల మీదుగా దూరం తిప్పించమనండి, వైరు డబ్బులు నాలుగు ఎక్కువైనా సరే. దింపుకొచ్చే మనిషికి కూడా వైరు ఎక్కడుందో చూపించి పెట్టండి, మా దింపు బాబాయ్ ఇప్పుడు చెట్టెక్కే ముందే "ఒరేయ్, నీ నెట్టు వైరు ఏ పక్కదిరా" అని కేకేస్తాడు.

ఇంటి దగ్గర పది పదిహేను మీటర్లు అదనంగా చుట్ట చుట్టి వదిలేయించండి. రేపు తెగితే ఆ చుట్టలోంచి లాగి అతికిస్తారు, లేకపోతే కొత్త వైరు మొత్తం మీ జేబులోంచే. మలుపుల దగ్గర వైరుని మడత పెట్టకుండా పెద్ద వంపుతో తిప్పాలి. అతుకులు ఫ్యూజన్ మెషిన్‌తో (గాజు తీగల్ని కరిగించి అతికించేది) వేయమని అడగండి, చేత్తో బిగించే కనెక్టర్లు ఉప్పుగాలికి, తేమకి తొందరగా పాడవుతాయి, అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకి ఇది మరీ ముఖ్యం.

అంతా అయ్యాక సంతకం పెట్టే ముందు "పవర్ ఎంత వస్తుందో చూపించు తమ్ముడూ" అనండి. వాళ్ల దగ్గర వెలుతురు ఎంత వస్తుందో కొలిచే చిన్న మీటర్ ఉంటుంది, మైనస్ అంకె చూపిస్తుంది, ఆ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి 23 మధ్య ఉంటే నిశ్చింత. 25 దాటిందంటే మీరు శివార్లో ఉన్నట్టే, ఈ రోజు నడుస్తుంది, మొదటి వానకి పడుకుంటుంది. 27 అంటే ఇప్పుడే వద్దని చెప్పేయండి, లేదా వేరే డబ్బా నుంచి ఇమ్మనండి. ఆ అంకెని ఫోటో తీసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత గొడవ వస్తే ఆ ఫోటోయే మీ సాక్ష్యం.

ఇంట్లో పంచుకోవడం

రౌటర్ని టీవీ వెనకో, బీరువా మీదో, ఫ్రిజ్ పక్కనో పెట్టి రేంజ్ రావట్లేదంటే ఎలా? హాలు మధ్యలో, మనిషి ఎత్తున గోడకి పెట్టండి. పెంకుటింట్లో పెద్ద ఇబ్బంది ఉండదు, స్లాబు వేసిన మేడ ఇంట్లో మాత్రం కింద రౌటర్ పైన పనిచేయదు. దానికి రిపీటర్లు (వైఫైని పట్టుకుని మళ్లీ వదిలే డబ్బాలు) కొని ఏడవకండి, స్పీడుని సగం అవే మింగుతాయి. మేడ మీదకి ఒక క్యాట్ 6 లాన్ వైరు లాగి అక్కడ ఇంకో రౌటర్ని యాక్సెస్ పాయింటుగా, అంటే వైఫై మాత్రమే పంచేలా, పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటదు, 2.4 దూరం పోతుంది గానీ నెమ్మది. కాబట్టి టీవీకి వైరు, లాప్‌టాప్‌కి 5, కెమెరాలకి 2.4. నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసే ముందు ఒకసారి లాప్‌టాప్‌కి నేరుగా వైరు పెట్టి కొలవండి, సగం సార్లు తప్పు వైఫైదే అని తేలుతుంది.

కరెంటు, తుఫాను

పన్నెండు వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొనండి. పెట్టె అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి దానికి సరిపోయేది తీసుకోండి. కరెంటు పోయినా మూడు నాలుగు గంటలు వస్తుంది. ఉరుములు మొదలైతే అడాప్టర్ ప్లగ్ పీకేయండి.

ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్లుంటే ఫైబర్‌తో పాటు వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్లో ఉంచుకోండి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు చెట్లూ స్తంభాలూ పడి ఫైబర్ నాలుగు రోజులు లేదు, తమ్ముడి ఉద్యోగాన్ని నిలబెట్టింది ఆ సిమ్మే. అలాంటి సమయంలో ప్రభుత్వం చెబితే ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరుస్తారు, అంటే మీ కంపెనీ టవర్ పడిపోయినా పక్క కంపెనీ టవర్ దొరుకుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా వెతికి ఎంచుకోవాలి. ఇది ఇంట్లో పెద్దవాళ్లకి ముందే నేర్పి పెట్టండి.

ఎర్ర లైటు వెలిగితే

పెట్టె మీద ఎల్ఓఎస్ అన్నచోట ఎర్ర లైటు మిణుకుతుంటే వెలుతురు రావట్లేదని అర్థం. రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి పెట్టినా లాభం లేదు, లైన్ మనిషికి ఫోన్ చేయండి. చేసే ముందు ఒకసారి వీధిలోకి వెళ్లి ఎక్కడ మట్ట పడిందో చూసి చెప్తే ఆయన పని సగం అయిపోతుంది, మీకూ ముందు వస్తాడు. పాన్ లైటు (ఫైబర్ లైన్ కలిసిందని చెప్పేది) పచ్చగా ఉండి నెట్ మాత్రం లేకపోతే సమస్య పైనుంచి, లేదా బిల్లు కట్టలేదు. లైట్లన్నీ బాగానే ఉండి ప్రతి రాత్రీ నెమ్మదిస్తుంటే, ఆపరేటర్ తక్కువ బ్యాండ్‌విడ్త్ కొని ఎక్కువ ఇళ్లకి వంతులేస్తున్నాడని అనుమానించొచ్చు. వారం రోజులు రాత్రి తొమ్మిదికి స్పీడు కొలిచి స్క్రీన్‌షాట్లు దాచండి.

ఫోన్‌లో "చూస్తామండి" అన్నదాన్ని ఫిర్యాదుగా లెక్కేయకండి. కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్పి డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నమోదైన నంబర్, తీసుకోవాలి. దానికి స్పందన లేకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీ ఉంటుంది, అక్కడా కాకపోతే కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్‌లో టెలికాం శాఖకి పెట్టొచ్చు. మా మేనత్త గారు డాకెట్ నంబర్, పవర్ అంకె ఫోటో, స్క్రీన్‌షాట్లు కలిపి పంపించాక వారంలో మనిషి వచ్చి, ఆవిడ లైన్‌ని కాలువ ఇవతలి డబ్బాకి మార్చి వెళ్లాడు. మైనస్ 26 కాస్తా 19 అయింది.